దయ్యం రాసిన కాగితప్పూలు

పండూ, ఆ కాళ్ళు నా మీద వెయ్యకురా, మోకాలు నెప్పి. హారికా, నువ్విటు పక్కకి రా. మీ అమ్మ కోప్పడిందని ఇంకా మూతి ముడుచుకునే ఉన్నావా? పోనీలే. పాత క్లాసు పుస్తకం చింపి పువ్వులు చేశావు. అక్షరాలున్న కాగితం కదా అని మీ అమ్మ భయం మీ అమ్మది. పువ్వులేమో ముచ్చటగానే ఉన్నాయి. ఎవరిది తప్పో నేను చెప్పను, కథ చెప్తాను, మీరే తేల్చుకోండి. ఊ కొట్టాలి మరి. మీరు ఊ కొట్టకపోతే నా కథకి అడుగు పడదు.

అనగనగా ఒక ఊళ్ళో, ఏడు కాలవలూ ఏడు వంతెనలూ దాటితే గానీ రాని ఊళ్ళో, ఒక రాజుగారున్నాడు. రాజుగారికో కోట, కోట పక్కన ఓ పుస్తకాల ఇల్లు. ఇంటినిండా పెట్టెలు, పెట్టెలనిండా పుస్తకాలు. ఆ రోజుల్లో కాగితాలెక్కడివి అమ్మమ్మా అని అడక్కండి. నా కథలో ఉన్నాయి, అంతే.

ఆ పుస్తకాల ఇంటిని కనిపెట్టుకుని ఓ కుటుంబం ఉండేది. తాతల నాటినించీ ఆ ఇంటి వెనక వాటాలోనే వాళ్ళ కాపురం. అత్తగారి పేరు అచ్చాయమ్మ. మోకాళ్ళు పట్టేసి, గోడ పట్టుకుంటే గానీ లేవలేని మనిషి. నాలాగే అనుకో. కొడుకు పేరయ్య. మంచివాడే, కానీ బుర్ర అట్టే వాడేవాడు కాదు, అరిగిపోతుందని కాబోలు. కోడలు పున్నమ్మ. ఆ పిల్లే మన కథకి ఆయువుపట్టు.

పున్నమ్మ నాన్నది చిల్లర కొట్టు. జీలకర్రా, ఇంగువా, పటికబెల్లం పాత కాగితాల్లో పొట్లాలు కట్టేవాడు. ఆడపిల్లకి చదువెందుకని బడికి పంపలేదు. పంపకపోతేనేం, ఆ పిల్ల కొట్టుకొచ్చినవాళ్ళనల్లా ఇదేం అక్షరం, అదేం అక్షరం అని పీక్కుతిని, పొట్లాల కాగితాల మీదే చదవడం నేర్చేసింది. అయితే పొట్లం కాగితంలో కథ పూర్తిగా ఉండదుగా. అందుకని ఆవిడకి సగం సగం కథలు బోలెడు వచ్చు. రాకుమారుడు గుర్రం ఎక్కడం వరకూ వచ్చు, ఎక్కడ దిగాడో తెలీదు. ఇంకోటి, ఏ కాగితం చేతికొచ్చినా చదివి, కళ్ళకద్దుకుని, మడత పెడితే గానీ ఆ చేతులు ఊరుకునేవి కావు. ఊ కొడుతున్నారా? ఆఁ.

ఆ ఏడు పెద్ద గాలివాన వచ్చింది. పుస్తకాల ఇంటి పెంకులు లేచిపోయి, వెనకగది తడిసిపోయింది. ఆ గదిలో పెట్టెలు చివికిపోయాయి, పుస్తకాల కుట్లు తెగిపోయాయి, కాగితాలన్నీ విడివిడిగా, మరకలు మరకలుగా నేలమీద పడ్డాయి. మంత్రిగారొకడున్నాడు, పని లేకపోతే కల్పించుకునే రకం. దసరా పదిహేను రోజుల్లో ఉంది, సరస్వతీపూజ నాటికి ఈ మరకల కాగితాలు కొంపలో ఉంటే అరిష్టం, నీళ్ళకాగు కింద పెట్టించి తగలెట్టించండి అని రాజుగారికి ఎక్కించాడు.

రాజుగారు మామూలుగా అయితే ఆలోచించేవాడే. కానీ ఆయన నెల్లాళ్ళుగా నిద్రలేక ఉన్నాడు. ఏమంటే, ఆయన మనవడు, ఉయ్యాల్లో పిల్లాడు, రాత్రి పగలు తేడా లేకుండా గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పిల్లాడు ఏడిస్తే తల్లికి నిద్ర లేదు, తల్లికి లేకపోతే దాదికి లేదు, దాదికి లేకపోతే రాణిగారికి లేదు, రాణిగారికి లేకపోతే రాజుగారిని ఎవరు పడుకోనిస్తారు? నిద్రలేని మనిషికి కోపం ముక్కుమీదే ఉంటుంది. సరే, తగలెట్టించండి అనేశాడు.

అక్కడే వచ్చింది చిక్కు. ఆ గదిలో దయ్యముంది.

భయపడకండర్రా, దుప్పటి కప్పుకోండి. ముందు వస్తాదుని పంపించారు. వస్తాదు మీసం దువ్వుకుంటూ వెళ్ళాడు. మిట్టమధ్యాహ్నమయింది, చల్లగాలి వీచింది, కాగితాలు లేచాయి, ఎవర్రా నా కాగితాలు ముట్టుకున్నది అని వినబడింది, వస్తాదు ఒకటే పరుగు. తరవాత మంత్రగాణ్ణి పంపించారు. మంత్రగాడు వేపమండ ఊపుకుంటూ వెళ్ళాడు. మిట్టమధ్యాహ్నమయింది, చల్లగాలి వీచింది, కాగితాలు లేచాయి, ఎవర్రా నా కాగితాలు ముట్టుకున్నది అని వినబడింది, వేపమండ అక్కడ, మంత్రగాడు ఊరి బయట. ఆఖరికి మంత్రిగారి బావమరిదిని పంపించారు. వాడు గుమ్మం దాకా వెళ్ళి, ఇవాళ మంగళవారం అని వెనక్కొచ్చేశాడు.

దాంతో రాజుగారికి ఒళ్ళు మండిపోయింది. ఇల్లు చూసుకోవలసిన వాళ్ళు మీరు, దయ్యం చేరేదాకా ఏం చేస్తున్నారని అచ్చాయమ్మ కుటుంబం మీద పడ్డాడు. పూజ నాటికి కాగితాలూ పోవాలి, దయ్యమూ పోవాలి, లేకపోతే మీరు ఇల్లూ ఊరూ ఖాళీ చేసి పోండి అని ఆజ్ఞ ఇచ్చాడు. అచ్చాయమ్మ గోడకి చేరగిలబడి ఏడ్చింది. గుమ్మం దాటడానికే ఓపిక కూడదీసుకోవాలి, ఏడు వంతెనలు ఎలా దాటను, నన్నిక్కడే వదిలేసి మీరు పోండని కొడుకునీ కోడల్నీ పట్టుకుని ఏడ్చింది. పేరయ్యా ఏడ్చాడు, అమ్మ ఏడుస్తోంది కదా అని. పున్నమ్మ మాత్రం ఏడవలేదు. చద్దన్నం మూట కట్టుకుని, ఓ చాప చంకన పెట్టుకుని, ఆ గదిలోకి వెళ్ళి కూర్చుంది.

కూర్చుని ఏం చేసింది? చేతికందిన కాగితం తీసి చదవడం మొదలెట్టింది. ఓ పిల్లి కథ. పెరుగు ఉట్టి కోసం ఆ పిల్లి పందిరెక్కిందిట, దిగడం తెలీక అరుస్తోందిట. ఇంతలో మిట్టమధ్యాహ్నమయింది, చల్లగాలి వీచింది, కాగితాలు లేచాయి.

"ఎవరే నా కాగితాలు ముట్టుకున్నది?" అని వినబడింది.

పున్నమ్మకి భయమేసింది, లేదనను. కానీ చేతిలో పేజీ చివరి వరసలో ఉంది. "ఉండండి తాతగారూ, పిల్లి పందిరెక్కింది. దిగిందో లేదో చూసి వస్తున్నా" అంది.

దయ్యం మెల్లిగా గోడలోంచి బయటికొచ్చింది. తెల్ల గడ్డం, చెవిలో కలం, వేళ్ళ నిండా సిరా మరకలు, కాళ్ళు వెనక్కి తిరిగి ఉన్నాయి. ఎడంచేత్తో కుడిచెయ్యి మణికట్టు పిసుక్కుంటూ వచ్చి, చాప మీద ఓ వారగా చతికిలబడింది. నిజంగా చదువుతున్నావా అని అడిగింది. చదువుతున్నానండీ, కానీ తరవాతి పేజీ చివికిపోయింది, పిల్లి సంగతి తేలలేదు అని పున్నమ్మ బాధపడింది.

అప్పుడు చెప్పుకున్నాడు పాపం తన గోడు. ఆయన పేరు సోమలింగం. ఇప్పటి రాజుగారి తాతగారి దగ్గర రాయసగాడు. ఊరూరా తిరిగి, మందులు తెలిసినవాళ్ళని అడిగి, సేద్యం తెలిసినవాళ్ళని అడిగి, పాటలొచ్చిన ముసలమ్మలని అడిగి, నలభై ఏళ్ళు రాశాడు. రాసీ రాసీ మణికట్టు పడిపోయింది. రాసిన ప్రతి పుస్తకానికీ రాజుగారు పట్టుగుడ్డ చుట్టించి, పసుపు రాయించి, బొట్టు పెట్టించి, పెట్టెలో పెట్టి తాళం వేయించేవాడు. దసరాకి పెట్టెలకి దణ్ణం పెట్టేవారు. ఒక్కరూ విప్పలేదు. సోమలింగం పోయాడు, చెయ్యి నెప్పి మాత్రం పోలేదు.

"ఒక్క మనిషి చదివి, ఒక్క మంచి మాట అనుకుంటే చాలు తల్లీ, నా దారిన నేను పోతాను" అన్నాట్ట.

పున్నమ్మ తెలివైందిగా, వెంటనే లేచి దణ్ణం పెట్టి, ఆహా తాతగారూ మీ అంత వారు లేరు, మీ మేలు మరవలేం అని గుక్క తిప్పుకోకుండా పొగిడేసింది. దయ్యం తల అడ్డంగా ఊపింది. అది నన్ను సాగనంపే మాటమ్మా, అవసరం కొద్దీ అన్న మాట, దానికి నా నెప్పి తగ్గదు అంది. పున్నమ్మకి సిగ్గేసింది. నిజమే మరి. పని పడ్డప్పుడు పెట్టే దణ్ణం వేరు, పని అయిపోయాక పెట్టే దణ్ణం వేరు.

ఊ ఏదర్రా? పండూ? వాడు మెలకువగానే ఉన్నాడులే.

సరే, పొగడడం మానేసి పున్నమ్మ చదవడం మొదలెట్టింది. ఒక్కో కాగితం చదివేది, కళ్ళకద్దుకునేది, మడిచేది. కాల్చడానికి చేతులు రాలేదు. పారేస్తే ఎవరో ఒకరు తొక్కుతారు. చేతులకి పొట్లాల అలవాటు ఉంది కదా, అంచు మీద అంచు వేసి, మడత మీద మడత వేసి, నాలుగు మూలలూ లోపలికి తోసి, ఒక్క విదిలింపు విదిలిస్తే, పొట్లం కాస్తా పువ్వయి కూచుంది. కొబ్బరి ఈనె గుచ్చి, అరటినార చుట్టింది. రెండోది చేమంతిలా చేసింది, మూడోది మందారంలా చేసింది. నా కాగితాలతో ఏం చేస్తున్నావే అని దయ్యం గాభరా పడింది.

దానికి పున్నమ్మ, పుస్తకం ఇస్తే మాకు చదువు రాదని జనం వెనక్కి జరుగుతారు తాతగారూ, పువ్విస్తే ఎవరైనా చెయ్యి చాపుతారు అంది. దయ్యానికి ఆ మాట నచ్చింది. తనూ కూర్చుని, చల్లటి వేళ్ళతో మడతలు నొక్కిపెట్టడం మొదలెట్టింది. ఆవిడ చదవడం, ఆవిడ మడవడం, ఆయన నొక్కడం. చదివి మడిచి, మడిచి నొక్కి, నొక్కి గుచ్చి, గుచ్చి గంపలో వేసి, ఆరు రోజుల్లో గది ఖాళీ.

ఏ పువ్వు ఎవరికి పనికొస్తుందో చూసి, పున్నమ్మ గుర్తులు పెట్టి పేరయ్యకిచ్చింది. పువ్వు విప్పి లోపలున్నది చదివించుకోమని మరీ చెప్పమంది. పేరయ్య చెప్పాడు కూడా. కానీ వాసన రావట్లేదని దారిలో ఆగి ఒక్కోదానికీ అత్తరు రాశాడు. ఆయన తెలివి అలాంటిది. ఊరంతా తిరిగి తల్లికొకటి, రైతు గవరయ్యకొకటి, కోటలో బట్టలుతికే అప్పలమ్మకొకటి, ఇంటింటికీ ఒకటి పంచేశాడు.

రెండు రోజులు గడిచాయి. ఒక్క మంచిమాట కూడా రాలేదు. దయ్యం ఇంకా మణికట్టు పిసుక్కుంటూ గోడ వారనే కూర్చుంది. పూజ ఇంకా రెండు రోజులే ఉంది. ఇదేమిటా అని పున్నమ్మ ఇంట్లోకెళ్ళి చూస్తే, అత్తగారి పువ్వు దేవుడి గూట్లో ఉంది. పసుపు రాసి, బొట్టు పెట్టి, ముందు బెల్లంముక్క కూడా పెట్టింది అచ్చాయమ్మ. విప్పలేదా అత్తయ్యా అంటే, "అక్షరాలున్న పువ్వే, విప్పితే కళ్ళు పోవూ?" అందిట. గవరయ్య ఇంటికెళ్తే అక్కడా గూట్లోనే. అప్పలమ్మ ఇంటికెళ్తే అక్కడా గూట్లోనే. ఊరు ఊరంతా పువ్వులకి పూజ చేస్తోంది, ఒక్కరూ విప్పలేదు. రాజుగారు పట్టుగుడ్డలో చుట్టాడు, వీళ్ళు గూట్లో పెట్టారు, ఏమిటి తేడా?

పున్నమ్మ వెనక్కొచ్చి అత్తగారి ముందు కూర్చుంది. గూట్లోంచి పువ్వు తీసి, అత్తగారు అయ్యో అయ్యో అంటూండగానే విప్పేసింది. అత్తయ్యా, ఇది మీ కోసం ఓ పెద్దాయన చెయ్యి నెప్పెట్టేలా రాసిపెట్టాడు, మీరు వినకపోతే అదీ పాపమే అని చెప్పి, పైకి చదివింది. ఆముదపు ఆకు వెచ్చజేసి, నూనె రాసి, మోకాలికి కట్టమని ఉంది. కట్టారు. మర్నాటి పొద్దున అచ్చాయమ్మ గోడ పట్టుకోకుండా లేచి వంటింట్లోకెళ్ళి, కోడలి కంటే ముందు పొయ్యి వెలిగించింది. నాకూ కట్టమని అంటున్నావా పండూ? రేపు మీ నాన్ననడిగి ఆకు తెప్పించు చూద్దాం.

ఇహ పున్నమ్మ ఆగలేదు. ఇంటింటికీ వెళ్ళి పువ్వు విప్పింది, చదివింది, మళ్ళీ మడిచి చేతిలో పెట్టింది. గవరయ్య పువ్వులో విత్తనాలకి పురుగు పట్టకుండా వేపాకూ బూడిదా కలపమని ఉంది. పిల్లల పువ్వుల్లో పొడుపుకథలున్నాయి, వీధి వీధంతా తలలు గోక్కున్నారు. అప్పలమ్మ పువ్వులో ఓ జోలపాట ఉంది. చెరువు కునికింది, చేప కునికింది, చేప మీద నీడేసిన చెట్టు కునికింది, చెట్టు మీద పిట్టకి నిద్రొచ్చింది, పిట్ట కింద గుడ్డుకీ నిద్రొచ్చింది అని అలా సాగుతూ పోతుంది. అప్పలమ్మ ఆ సాయంత్రం బట్టలివ్వడానికి కోటలోకెళ్ళి, ఉయ్యాల పక్కన నించుని పాడింది. పిల్లాడు పడుకున్నాడు. తల్లి పడుకుంది, దాది పడుకుంది, రాణిగారు పడుకుంది, పక్కగదిలో రాజుగారు గురక పెట్టాడు.

తెల్లారింది, సరస్వతీపూజ వచ్చింది. రాజుగారు మంత్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. గది ఖాళీగా ఉంది గానీ బూడిద లేదు. మంత్రి ఊరుకుంటాడా? కాల్చమంటే ఊరంతా పంచిపెట్టింది, రాజాజ్ఞ మీరింది అని అందుకున్నాడు. ఇంతలో మిట్టమధ్యాహ్నమయింది, చల్లగాలి వీచింది, గోడలోంచి మూలుగు వినబడింది. దయ్యమూ పోలేదన్నమాట. రాజుగారు తలవంచుకుని, మాటంటే మాటేనమ్మా, మూటలు సర్దుకోండి అన్నాడు. పేరయ్య నిజంగానే సర్దడం మొదలెట్టాడు.

అప్పుడు వీధిలోంచి జనం వచ్చారు. ఎవరూ పిలవలేదు. గవరయ్య ముందు నడిచె, గవరయ్య వెనక విత్తనాల బుట్ట నడిచె, బుట్ట వెనక పిల్లలు, పిల్లల వెనక తల్లులు, తల్లుల వెనక అప్పలమ్మ, ప్రతివాళ్ళ చేతిలో ఓ కాగితప్పువ్వు. వాళ్ళకి దయ్యం గోడూ తెలీదు, ఇల్లు ఖాళీ చెయ్యడం సంగతీ తెలీదు. పండగ పూట నాలుగు మంచిమాటలు చెప్పుకుందామని వచ్చారంతే. అప్పలమ్మ రాజుగారిని చూసి నెత్తిమీద కొంగు సర్దుకుని, నిన్న మీ మనవడు ఏ పాటకి పడుకున్నాడనుకుంటన్నారు బాబూ అని పువ్వు చూపించింది. ఇందులో ఉందంట, పున్నమ్మగారు చదివారు అంది. తరవాత ఆ పువ్వుని గుండెకి పెట్టుకుంది.

"ఎవరు రాసిపెట్టారో నాకు తెలవదు. ఎక్కడున్నాడో ఆ మారాజు. ఆయన చెయ్యి చల్లగుండాల" అంది.

ఆయన చెయ్యి చల్లగుండాలి అన్నాడు గవరయ్య. ఆయన చెయ్యి చల్లగుండాలి అంది అచ్చాయమ్మ, రెండు కాళ్ళ మీదా నిటారుగా నించుని. పిల్లలూ అన్నారు, తల్లులూ అన్నారు. ఆఖరికి రాజుగారూ అన్నాడు, ఎవరూ చెప్పకుండానే, కళ్ళు తుడుచుకుంటూ.

గోడ పక్కన సోమలింగం కనబడ్డాడు. అందరికీ కనబడ్డాడు. మణికట్టు పిసుక్కోవడం ఆపేసి, కుడిచెయ్యి పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"తగ్గిందే అమ్మాయ్, నా చెయ్యి నెప్పి తగ్గింది" అన్నాడు.

గంపలో మిగిలిన పువ్వు ఒకటి తీసి చెవిలో కలం పక్కన పెట్టుకున్నాడు. అది పిల్లి కథ పువ్వు. వెళ్తూ వెళ్తూ పున్నమ్మ వైపు తిరిగి, పిల్లి దిగిందమ్మా, పెరుగంతా తినేసి దిగింది అని చెప్పి వెళ్ళిపోయాడు. పున్నమ్మ అప్పుడేడ్చింది. ఊరు విడిచి పొమ్మన్నప్పుడు ఏడవని మనిషి, పిల్లి దిగిందంటే ఏడ్చింది.

ఆ ఇల్లు వాళ్ళకే ఉండిపోయింది. మంత్రిగారికి పాత పెట్టెల తాళాలన్నీ తీసే పని అప్పచెప్పారు, ఇప్పటికీ తీస్తూనే ఉన్నాడేమో. మామూలుగా సరస్వతీపూజ నాడు పుస్తకాలు దేవుడి దగ్గర పెట్టి ముట్టుకోంగా, మీకు భలే సరదా కదా ఆ రోజంటే? ఆ ఊళ్ళో మాత్రం ఆనాటినించీ ఆ రోజున పుస్తకం తెరవాలి. ఒక్క పేజీ పైకి చదివి, రాసినవాళ్ళ చెయ్యి చల్లగుండాలని అనుకుని, అప్పుడు ప్రసాదం తినాలి. కళ్ళకద్దుకోవడం మంచిదే, నేను కాదనను. అద్దుకుని అక్కడితో ఆపెయ్యకూడదు.

ఏమిటే ఆ దిండు కింద చప్పుడు? హారికా? ఓసి నీ... పువ్వు దాచుకున్నావా? మీ అమ్మ చూస్తే మళ్ళీ మొదలు. ఏదీ, ఇలా తే. ఎంత చక్కగా మడిచావే, నా తల్లే. లోపల ఏముంది? చూడలేదూ? చదవకుండానే మడిచేశావన్నమాట. మీ అమ్మ కోపం సంగతి నాకు తెలీదు గానీ, నీ తప్పు మాత్రం అదే.

నాకు చదువు రాదు కదమ్మా. పున్నమ్మకున్న పాటి పట్టుదల నాకు లేకపోయింది. ఇన్నేళ్ళొచ్చినా ఓ పుస్తకంలో ఏముందో నాకు ఎవరూ కూర్చోబెట్టి చదివి వినిపించలేదు. మొన్న వేసవిలో నువ్వు నీ వాచకం చదివి వినిపించావు చూడు, అదే మొదలు. నీ చెయ్యి చల్లగుండాలి తల్లీ. ఆ మాట అప్పుడు అనలేదు, ఇప్పుడంటున్నాను.

లైటు వెయ్యి. పండు పడుకుంటే పడుకోనీ. మన కథ ఎలాగూ కంచికి బయల్దేరిపోయింది, మనం కాసేపాగి నిద్రలోకి వెళ్దాంలే. ఆ పువ్వు మెల్లిగా విప్పు, చిరక్కుండా. ఆఁ, చదువు. ఈసారి నేను ఊ కొడతాను.